వచనం ముందూ వెనకా కూడా చదవనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆధ్యాత్మిక పేజీలో రోజూ అడుగున ఒక బైబిలు వచనం వేస్తున్నారు. పోయిన వారం ‘నమ్మువానికి సమస్తమును సాధ్యమే’ అన్న మాట వచ్చింది. మార్కు సువార్త 9వ అధ్యాయం, 23వ వచనం. పొద్దున చాయ్ తాగుతూ అది చూసి పేపరు పక్కన పెట్టేశాను. ఆ మాట మీద నాకు కోపం లేదు, అది నా ప్రభువు మాట. కానీ దాని వెంట ఉండాల్సిన మాట లేకుండా ఒంటరిగా కనిపించేసరికి మనసు కష్టపెట్టుకున్నాను. అందుకే ఈ ఉత్తరం.

నేను ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం సికింద్రాబాద్ నుంచి అఫ్జల్‌గంజ్ వైపు రూట్లలోనే తిరిగాను. ‘బైబిల్ హౌస్, బైబిల్ హౌస్’ అని ఆ స్టేజీ పేరు రోజూ పిలిచినవాణ్ణి. మెట్టుగూడలో పుట్టి పెరిగిన క్రైస్తవుణ్ణి. అయినా 62 ఏళ్లు వచ్చేదాకా యేసు కథ చెప్పే నాలుగు సువార్తల్లో ఒక్కదాన్నీ మొదటి నుంచి చివరి దాకా వరసగా చదవలేదు. ఆదివారం మా పాస్టరు అయ్యగారు తీయమన్న చోట తీయడం, పొద్దున ఫోన్‌లో వాగ్దానమని వచ్చిన వచనానికి ఆమేన్ పెట్టడం, అంతవరకే.

మా చర్చిలో డిసెంబర్ 31 రాత్రి ఆరాధన అయ్యాక, ఒక్కో వచనం అచ్చువేసిన వాగ్దానపు కార్డులు పంచుతారు. పళ్లెంలో బోర్లా పెట్టిన కార్డుల్లోంచి ఒకటి తీసుకోవాలి. రెండేళ్ల కిందట మా ఆవిడ చేతికి వచ్చింది ఈ వచనమే. బంగారు రంగు అంచు, మూలన పావురం బొమ్మ. బీరువా అద్దానికి అంటించుకుంది. మార్చికల్లా ఆమె కిడ్నీలు రెండూ పనిచేయడం లేదని తేలింది. చూడ్డానికి వచ్చినవాళ్లు అద్దం మీది కార్డు చూసి, ‘దేవుడు ముందే మాటిచ్చాడు, నమ్మితే చాలు’ అన్నారు. నెలలు గడిచినా డయాలసిస్ తప్పలేదు. అప్పుడు మాట మారింది. ‘ఎక్కడో నమ్మకం తక్కువైందక్కా’ అని ఒకరు ఆమె మంచం మీద కూర్చునే అన్నారు. ఆ రాత్రి ఆమె గోడవైపు తిరిగి పడుకుని, ‘ఎంత నమ్మితే సరిపోతదో ఎవరూ చెప్తలేరు’ అంది. నాకూ తెలియలేదు.

ఈ ఏడాది ఈస్టర్‌కు ముందు శ్రమల దినాలు (లెంట్) వచ్చినప్పుడు ఇద్దరం కలిసి మార్కు సువార్త చదవాలనుకున్నాం. నాలుగింటిలో చిన్నది. 16 అధ్యాయాలు, 678 వచనాలు. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా ఆదివారాలు తీసేస్తే 40 రోజులు, రోజుకు 17 వచనాలు. వేబిల్లు రాసిన అలవాటు కదా, పాత డైరీలో తేదీలవారీగా గీతలు గీసి పెట్టుకున్నాను.

ఎలా చదవాలో అయ్యగారు చెప్పారు. 12వ శతాబ్దంలో గ్విగో అనే మఠవాసి నాలుగు మెట్లు రాసిపెట్టాడట. చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, ఆ తర్వాత దేవుని ముందు ఊరక ఉండడం. చదవడమంటే ముద్ద నోట్లో పెట్టుకోవడం, ధ్యానమంటే నమలడం అన్నాడట. నేను 17 వచనాలు గట్టిగా చదువుతాను. కాసేపు ఆగి మళ్లీ చదువుతాను. రెండోసారి ఎక్కడ గొంతు ఆగితే అక్కడే మా ప్రార్థన. నాలుగో అధ్యాయంలో తుపాను వస్తుంటే యేసు పడవ వెనక భాగంలో తలగడ మీద నిద్రపోతున్నాడు. ఈ కథ మత్తయి, లూకా కూడా చెప్పారు, తలగడ సంగతి మాత్రం మార్కు ఒక్కడే చెప్పాడు. ఆ తుపాను మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో! తలగడ మాత్రం ఎన్నడూ నా కంట పడలేదు. ఎంత అలసిపోయాడో కదా అనిపించి, ఆ రోజు ఏదీ అడగాలనిపించలేదు. ‘పడుకో ప్రభువా’ అన్నాను.

సోమ, బుధ, శుక్రవారాలు మా చదువు ఆసుపత్రిలోనే. సూదులు గుచ్చాక నాలుగు గంటలు ఆమె ఆ చేయి కదపకూడదు, పుస్తకం నేనే పట్టుకుంటాను. పక్క మంచం మీద ఒక కుర్రాడు, స్టూలు మీద అతని తల్లి. మెడలో ఎల్లమ్మ బిళ్ల. చదివితే మీకు ఇబ్బందా అమ్మా అంటే, ‘సదువు కొడుకా, పొద్దు పోతది’ అంది.

11వ రోజు సోమవారం. చావుబతుకుల్లో ఉన్న కూతురి కోసం యాయీరు అనే తండ్రి యేసును వెంటబెట్టుకుని పోతున్నాడు. దారిలో పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడుతున్న ఒకామె ఆయన బట్ట ముట్టుకుంది. ఆయన ఆగాడు. నన్ను ముట్టిందెవరని వెతికాడు, ఆమె చెప్పుకున్నదంతా విన్నాడు. ఇంకా మాట్లాడుతుండగానే పిల్ల చనిపోయిందని కబురొచ్చింది. 38వ వచనంలో ఇంటి ముందు ఏడ్పులు వినిపిస్తాయి, ఆ రోజు భాగం అక్కడికి సరి. పుస్తకం మూశాను. స్టూలు మీది తల్లి ఊరుకోలేదు.

‘మరి నడుమల ఆమె కోసం ఆగుతుంటే ఆ తండ్రి ఊకున్నడా కొడుకా? పన్నెండేండ్లు ఓర్చింది, ఇంకో గడియ ఓర్వరాదా అని అన్లేదా?’

వెనక్కి తిప్పి చూశాను. దారిలో యాయీరు అన్న మాట ఒక్కటీ మార్కు రాయలేదు. ఏదో అత్యవసరమైన కేసు వచ్చిందని మా ఆవిడ మిషను ఇంకొకరికి ఇచ్చిన రోజు వరండాలో నిలబడి నేను అన్న మాటలు గుర్తొచ్చాయి. ఆ వచ్చినామె ఎవరో, బతికిందో లేదో కూడా నేను అడగలేదు. ఆ రాత్రి ప్రార్థనలో దాన్నే ఒప్పుకున్నాను. మిగిలిన ఐదు వచనాలు మాత్రం ఆ తల్లి కోసం ఆసుపత్రిలో అప్పుడే చదివేశాను. పిల్ల లేచి నడిచాక, దానికి తినడానికి పెట్టమని యేసు చెప్పాడనగానే ఆమె, ‘తల్లి యాది చేసినట్టే యాది చేసిండు’ అంది.

21వ రోజు శుక్రవారం ఆ వచనం వచ్చింది, అద్దం మీదిది. చదివి, ఆగకుండా తర్వాతి వచనంలోకి వెళ్లాను. జబ్బు చేసిన కొడుకును తెచ్చిన తండ్రి వెంటనే గట్టిగా అంటాడు: ‘నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము.’ ఆ సగం నమ్మకానికే యేసు పిల్లవాణ్ణి బాగుచేశాడు, ముందు నీ నమ్మకం పూర్తి చేసుకుని రా అని పంపించలేదు. మా ఆవిడ మళ్లీ చదవమంది. మూడోసారి కూడా చదివించుకుంది. తర్వాత నా వైపు తిరిగి, ‘ఈ మాట కార్డు మీద ఎందుకు వెయ్యలేదు?’ అని అడిగింది. ఇంటికి వచ్చాక కార్డు తీయించి, దాని కింద బాల్‌పెన్‌తో ఆ మాట నాతో రాయించింది. అక్షరాలు బంగారు అంచు మీదికి ఎక్కాయి. ఆమె జబ్బు తగ్గలేదు. గోడవైపు తిరిగి పడుకోవడం మాత్రం మానేసింది.

అయ్యా, మార్కు వచనాలుగా రాయలేదు. ఈ అంకెలు 1551లో రోబేర్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు వేసినవి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లోనే బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో తెలుగులో అచ్చయ్యాయి. ముక్కలు ఏరుకోవడానికా అంత కష్టపడ్డారు? ఒక స్టేజీలో ఎక్కి తర్వాతి స్టేజీలో దిగిపోతే రూటు తెలియదు.

నా మనవి ఇదే. వచనం వేసినప్పుడు అది ఎవరు, ఎవరితో, ఏ కష్టంలో అన్న మాటో కింద రెండు వాక్యాలు రాయండి. వచ్చే శ్రమల దినాల్లో వీలైతే ఒక సువార్తను రోజుకింత అని వరసగా వేయండి. కార్డులు పంచే సంఘ పెద్దలకూ చెప్తున్నాను, మీ కార్డు ఎవరి అద్దం మీదికి పోతుందో మీకు తెలియదు. వెనకవైపు ఖాళీగానే ఉంటుంది కదా, తర్వాతి వచనం అక్కడ వేయండి.

మేం ఈస్టర్ తర్వాత లూకా మొదలుపెట్టాం. 24 అధ్యాయాలు, 1151 వచనాలు. మొన్న బుధవారం స్టూలు మీది తల్లి, ‘ఇండ్ల ఆ పిల్ల మళ్ల వస్తదా?’ అని అడిగింది. వస్తుందమ్మా, ఎనిమిదో అధ్యాయంలో అని చెప్పాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆర్టీసీ కండక్టరు,
మెట్టుగూడ, సికింద్రాబాద్.