ఫోన్ వినాలంటే జడ్జి సంతకం ఉండాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. నేను 34 ఏళ్లు పోస్ట్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం చంద్రగిరి, పాకాల వైపు పల్లెల్లో ఉత్తరాలు బట్వాడా చేశాను. ఇప్పుడు తిరుపతి కోర్లగుంటలో ఉంటున్నాను. ఈ మధ్య ఒక మిత్రుడు ఫోన్ చేసి ఊళ్లో పొలం హద్దుల గొడవ చెబుతున్నాడు. మధ్యలో ఒక నాయకుడి పేరు రాగానే ఆపేసి, "ఇది ఫోన్లో వద్దులే, రేపు పార్కులో చెప్తా" అన్నాడు. ఆయన ఏ తప్పూ చేయలేదు. తన పొలం గురించి, తన ఊరి మనిషి గురించి మాట్లాడటానికి డెబ్బై ఏళ్ల మనిషి గొంతు తగ్గించుకున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

మా పల్లెల నుంచి చాలామంది కువైట్ వెళ్లేవాళ్లు. వాళ్లు రాసిన ఉత్తరాలు ఇంటికి తీసుకెళితే, చదువు రాని ఆడవాళ్లు గడప దగ్గరే కూర్చోబెట్టి, "రోంత చదివి పెట్టునా" అనేవాళ్లు. అప్పు ఎంత మిగిలింది, అత్త మాటలకు బాధపడొద్దు, బిడ్డ నా మొహం మరిచిపోయిందేమో, ఇలాంటివన్నీ నా నోటితోనే చదివాను. ఆ ఇళ్ల గుట్టు ఎంతో నాకు తెలుసు. అయినా ఒక ఇంటి సంగతి ఇంకో ఇంట్లో చెప్పలేదు. వాళ్లు నమ్మి ఇచ్చారు కాబట్టి చదివాను. వాళ్లకు తెలియకుండా అదే కవరు ఆవిరి పట్టి విప్పి ఉంటే నేను దొంగనే. చదివింది అవే నాలుగు మాటలైనా సరే.

చట్టం కూడా అలాగే చూసేది. 1898 నాటి పోస్టాఫీసు చట్టంలో, విధికి విరుద్ధంగా ఉత్తరం విప్పిన పోస్టల్ ఉద్యోగికి రెండేళ్ల దాకా జైలు రాసి ఉండేది. తెల్లదొరల చట్టమే, కానీ ఆ భయం మా చేతులను అదుపులో పెట్టింది. దాని స్థానంలో వచ్చిన 2023 పోస్టాఫీసు చట్టం 2024 జూన్ 18 నుంచి అమల్లో ఉంది. ఇందులో ఉత్తరం విప్పిన ఉద్యోగికి ఆ శిక్ష లేదు. ప్రభుత్వం అధికారం ఇచ్చిన అధికారి మాత్రం దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలతో ఉత్తరాన్ని మధ్యలో ఆపి విప్పవచ్చని తొమ్మిదో సెక్షన్ చెబుతోంది. ఆ అధికారి తప్పు చేస్తే ఎవరు చూస్తారో, ఎలా చూస్తారో చట్టంలో రాయలేదు. పార్లమెంటులో ఇది పాసైన రోజు పేపర్లో లోపలి పేజీలో చిన్న వార్తగా చూశాను. నా సర్వీసంతా ఒక్కసారి కళ్ల ముందు తిరిగింది.

ఫోన్ల సంగతికి వస్తాను. 1885 టెలిగ్రాఫ్ చట్టంతోనే దశాబ్దాల పాటు మన ఫోన్లు విన్నారు. పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు కొన్ని కట్లు వేసింది. హోం కార్యదర్శి స్థాయి అధికారే ఆదేశం ఇవ్వాలని, రెండు నెలలకు మించి వినాలంటే మళ్లీ ఆదేశం కావాలని, మొత్తం ఆరు నెలలు దాటకూడదని, ప్రతి ఆదేశాన్నీ ఒక రివ్యూ కమిటీ చూడాలని చెప్పింది. మంచిదే. కానీ ఆ కమిటీలో ఉండేది ఎవరు? కేంద్రంలో కేబినెట్ కార్యదర్శి, న్యాయ శాఖ, టెలికాం శాఖల కార్యదర్శులు. వినమని చెప్పేదీ సర్కారు అధికారులే, విన్నది సబబేనా అని తేల్చేదీ సర్కారు అధికారులే. 2023 టెలికాం చట్టం కింద 2024 డిసెంబరులో కొత్త నిబంధనలు వచ్చాయి. వాటిలోనూ జడ్జికి చోటు లేదు.

ఒకప్పుడు కేంద్రం నెలకు సగటున 7,500 నుంచి 9,000 ట్యాపింగ్ ఆదేశాలు ఇచ్చేదని సమాచార హక్కు దరఖాస్తుకు వచ్చిన జవాబులో తేలింది. రెండు నెలలకోసారి కూర్చునే కమిటీ ముందుకు ఒక్క విడతలో 15,000 నుంచి 18,000 ఆదేశాలు వస్తాయని, అన్నిటినీ చూడటం అసాధ్యమని, డేటా రక్షణ చట్టం కోసం కేంద్రం వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లోనే రాసింది. ఒక్కో కాగితానికి ఒక్క నిమిషం ఇచ్చినా 250 గంటలు! రోజూ కట్టలకొద్దీ ఉత్తరాలు సార్టింగ్ చేసిన చేయి నాది. తొందరలో ఎన్ని అడ్రసులు తప్పు చదువుతామో నాకు బాగా తెలుసు. అక్కడ తప్పితే ఉత్తరం రెండు రోజులు ఆలస్యం. ఇక్కడ తప్పితే ఒక మనిషి బతుకంతా ఎవరో వింటారు, ఆ మనిషికి ఎప్పటికీ తెలియదు.

పక్క రాష్ట్రం తెలంగాణలో నాయకుల, జర్నలిస్టుల ఫోన్లు విన్నారని, ప్రభుత్వం మారగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని 2024 మార్చి నుంచి కేసు నడుస్తోంది. నిజమేదో కోర్టు తేలుస్తుంది. నేను పార్టీల గురించి రాయడం లేదు. ఏ పార్టీ కుర్చీలో కూర్చున్నా చేతికొచ్చే చెవి అదే.

"తప్పు చేయనోడికి భయమెందుకు" అని మా వీధిలోనే చదువుకున్నవాళ్లు అంటున్నారు. ఆ కువైట్ ఉత్తరాల్లో ఏ తప్పూ లేదు. అయినా ఆ ఇల్లాళ్లు తలుపు దగ్గరకు వేసి, గొంతు తగ్గించి చదవమనేవాళ్లు.

నిఘా అసలే వద్దని నేను అనను. 2003 అక్టోబరు 1న అలిపిరిలో ముఖ్యమంత్రి కాన్వాయ్ మీద మందుపాతరలు పేల్చిన రోజు ఈ ఊరు ఎలా వణికిందో చూశాను. 2013లో పుత్తూరులో ఒక ఇంట్లో దాక్కున్న అనుమానిత ఉగ్రవాదులను పోలీసులు పట్టుకున్నారు. అలాంటి చోట వినాల్సిందే. కానీ ఇంట్లో సోదా చేయడానికి కోర్టు వారంటు అడిగే దేశంలో, ఇంట్లోని మాట వినడానికి ఆ వారంటు ఎందుకు వద్దు?

1947లో రాజ్యాంగం రాసేటప్పుడు ప్రాథమిక హక్కుల ఉపసంఘం ఉత్తరాల గోప్యతను కూడా హక్కుగా చేర్చింది. నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారి వంటి పెద్దలు అభ్యంతరం చెప్పడంతో అది తర్వాత పక్కకు పోయింది. 70 ఏళ్ల తర్వాత, కర్ణాటక హైకోర్టు మాజీ జడ్జి పుట్టస్వామి గారు 86 ఏళ్ల వయసులో వేసిన కేసులో, 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కేనని ఒక్క మాటగా చెప్పారు. ఆ తీర్పు వచ్చాక కూడా చట్టాలు ఇలాగే రాస్తుంటే ఏమనుకోవాలి?

గట్టిగా అడిగితే వినరని కాదు. కొత్త ఫోన్లన్నిటిలో సంచార్ సాథీ అనే ప్రభుత్వ యాప్ ముందే వేసి అమ్మాలని 2025 నవంబరు చివర్లో ఇచ్చిన ఆదేశాన్ని, జనం గొడవ చేయగానే డిసెంబరు 3న వెనక్కి తీసుకున్నారు. అందుకే తిరుపతి, చిత్తూరు ఎంపీలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఫోన్ వినాలంటే ముందుగా, అత్యవసరమైతే రెండు మూడు రోజుల్లోగా, జడ్జి అనుమతి ఉండాలని పార్లమెంటులో అడగండి. విచారణ ముగిసి ఏమీ దొరకకపోతే, నీ ఫోన్ విన్నామని ఆ మనిషికి చెప్పే ఏర్పాటు అడగండి. ఉత్తరం విప్పిన ఉద్యోగికి పాత చట్టంలో ఉన్న శిక్షను కొత్త చట్టంలో మళ్లీ పెట్టమనండి. ఈ చివరిది అడుగుతున్నది ఆ ఉద్యోగం చేసినవాడే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్,
కోర్లగుంట, తిరుపతి