పెట్టె విప్పకుండా ఉంచితే చెక్క ఇల్లు దక్కదు

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో పాత వస్తువుల సేకరణ మీద వచ్చిన వ్యాసం ఇంటర్నెట్‌లో చదివాను. అందులో అమెరికా మోడల్ రైళ్ల గురించి, అంటే అసలు రైళ్లకు చిన్న నమూనాల గురించి, ఒక పేరా ఉంది. రైలు పట్టాల పక్కన పెట్టుకునే పాతకాలపు చెక్క కట్టడాల కిట్లు దొరికితే సీలు తీయకుండా దాచుకోండి, ఏళ్లు గడిచేకొద్దీ రేటు పెరుగుతుంది అని సలహా ఇచ్చారు. రేటు సంగతి నేను కాదనను. పేరున్న కంపెనీల పాత కిట్లు విప్పని పెట్టెలతో వందల డాలర్లు పలుకుతున్నాయి. కానీ విప్పకపోతే లోపలి సరుకు భద్రంగా ఉంటుందన్న మాట మాత్రం తప్పు. ఇక్కడ అమెరికాలో ఇళ్లు కొనుక్కుంటున్న మన తెలుగువాళ్లు ఎస్టేట్ సేల్స్‌లో, అంటే ఇంటి పెద్దలు పోయాక వాళ్ల సామాను అమ్మేచోట, ఇలాంటి పెట్టెలు చూస్తూనే ఉంటారు. మీ సలహా పాటిస్తే మంచి సరుకు వాళ్ల కళ్ల ముందే పాడవుతుంది. అందుకే ఈ ఉత్తరం.

మాది సికింద్రాబాద్, లాలాగూడ. నాన్న అక్కడి రైల్వే క్యారేజీ వర్క్‌షాపులో కార్పెంటరు. రందా పట్టిన చెక్క వాసన మధ్యనే పెరిగాను. ఇప్పుడు మసాచుసెట్స్‌లో హైస్కూల్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నాను. చెక్క కిట్లు కట్టడం మా పక్కింటి పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను. ఆయన పోయాక ఆయన భార్య నన్ను పిలిచి, అటక మీద ఉన్న పెట్టెలన్నీ నాకు అప్పజెప్పింది. అప్పటి నుంచి వాటిని ఒక్కొక్కటిగా కడుతున్నాను, ఆయన కట్టి వెళ్లినవాటిని బాగుచేస్తున్నాను.

ఈ కిట్లంటే ఏమిటో తెలియని పాఠకుల కోసం కొంచెం చెబుతాను. ఇక్కడ ఎక్కువమంది వాడేది హెచ్‌ఓ స్కేలు, అంటే అసలు కొలతలో 87వ వంతు. ఆరడుగుల మనిషి 21 మిల్లీమీటర్ల ఎత్తుంటాడు. పెట్టె తెరిస్తే లోపల బొమ్మ ఇల్లేమీ కనబడదు. బాస్‌వుడ్ అనే నున్నటి మెత్తటి చెక్కతో కోసిన సన్నని పుల్లలు, పలకల గీతలు పడ్డ పల్చటి చెక్క రేకులు, సీసం తగరం కలిపి పోసిన తలుపులూ కిటికీలూ పీపాలూ, అచ్చువేసిన కాగితపు సైన్‌బోర్డులు, కిటికీ అద్దాల కోసం ఒక పారదర్శకమైన షీటు, మడతపెట్టిన సూచనల కాగితం ఉంటాయి. అసలు ఇంట్లో రెండంగుళాలకు నాలుగంగుళాల దూలం ఇక్కడ మందం అర మిల్లీమీటరు పైన, వెడల్పు ఒక మిల్లీమీటరు పైన. సూచనల కాగితం మీద ఫ్రేము కట్టాల్సిన సైజులోనే గీసి ఉంటుంది. దాని మీద మైనం కాగితం పరిచి, పుల్లలను గీతల మీద పేర్చి, బ్లేడుతో కోసి, సన్నగా జిగురు పెట్టి అతికిస్తాం. అసలు వడ్రంగి ఎలా కడతాడో అలాగే స్తంభం, అడ్డదూలం, ఏటవాలు బద్దె ఒకదాని తర్వాత ఒకటి కట్టుకుంటూ పోవాలి.

ఈ అలవాటుకు ఇక్కడ పెద్ద చరిత్రే ఉంది. మోడల్ రైల్‌రోడర్ పత్రిక 1934లో మిల్వాకీలో మొదలైంది. మరుసటి ఏడాది అదే ఊళ్లో నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్లాస్టిక్ ఇళ్లు వచ్చాయి, సాయంత్రం కూర్చుంటే రాత్రికి అయిపోయేవి. అయినా చెక్క కిట్లు చేసేవాళ్లు ఆగలేదు. కాలిఫోర్నియాలో క్యాంప్‌బెల్ కంపెనీ చెక్క వంతెనలు, మిల్లులు, కప్పులకు పెంకుల్లా వరసలుగా వేసే కాగితపు షింగిల్స్ అమ్మింది. మా ఊరికి దగ్గర్లోనే ఉన్న పీబడీలో జార్జ్ సెలియోస్ 1967లో ఫైన్ స్కేల్ మినియేచర్స్ అనే కిట్ల కంపెనీ పెట్టాడు. ఆయన కిట్లలో న్యూ ఇంగ్లండ్ (అమెరికా ఈశాన్య రాష్ట్రాలు) రేవులు, మిల్లులు, పాత ఫ్యాక్టరీలు, వాటి పక్కన పడి ఉండే చెత్తా చెదారంతో సహా కనబడతాయి. ఆయన సొంతంగా కట్టిన ఫ్రాంక్లిన్ అండ్ సౌత్ మాంచెస్టర్ లేఅవుట్, అంటే పట్టాలూ ఊళ్లూ కలిపిన పెద్ద నమూనా, 1930ల ఆర్థిక మాంద్యం నాటి పట్టణాలది.

ఇంత ఓపిక ఎందుకు అని మన బంధువులు నన్ను అడుగుతుంటారు. నా జవాబు ఒక్కటే. ఆవిరి ఇంజన్లు పోయి డీజిల్ వచ్చినప్పుడు, ముఖ్యంగా 1950లలో, బొగ్గు ఎక్కించే చెక్క బురుజులకూ నీళ్ల ట్యాంకులకూ పని లేకుండా పోయింది. చాలావాటిని పడగొట్టేశారు, మిగిలినవి వానకు నాని కూలిపోయాయి. రిఫ్రిజిరేటరు వచ్చి ఐసు గిడ్డంగులను మాయం చేసింది. అలాంటి ఎన్నో కట్టడాల్లో దూలం ఎలా పడేది, గోడ పలక ఎక్కడ అతికేది అన్న వివరాలు ఈ కిట్ల సూచనల కాగితాల్లో దొరుకుతున్నాయి. అవి పాడైతే పోయేది బొమ్మ ఒక్కటే కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పెద్దాయన అటక మీది పెట్టెల్లో ఒకటి దుకాణంలో కొన్నది కొన్నట్టే ఉంది, సెల్లోఫేను కూడా చిరగలేదు. మీ వ్యాసం లెక్కలో అది బంగారం. నేను సీలు కోసి మూత ఎత్తగానే ఊరగాయ జాడీ మూత తీసినట్టు పుల్లటి వాసన గుప్పుమంది. కిటికీలకు ఇచ్చిన షీటు వంకరపోయి, ముడుచుకుపోయి, చేత్తో పట్టుకుంటే పుటుక్కున విరిగింది. దాని పక్కనే చిన్న కవర్లో ఉన్న లోహపు తలుపులు, పీపాల మీద తెల్లటి బూడిద పేరుకుంది. ఒక పీపాను చిమటాతో పట్టుకుంటే సగం నలిగి పిండైపోయింది.

ఇది పురుగు పని కాదు, చెమ్మ ఒక్కదాని పనీ కాదు. అప్పట్లో కిటికీ షీట్లు చాలావరకు సెల్యులోజ్ అసిటేట్‌తో చేసేవారు. అది ముదిరేకొద్దీ విరిగి అసిటిక్ ఆమ్లం వదులుతుంది, అంటే వెనిగర్‌లో ఉండేదే. ఆ ఆమ్లమే మిగతా షీటును ఇంకా తొందరగా విరగ్గొడుతుంది. గాలి ఆడితే ఆవిరి కొంత బయటికి పోతుంది. సీలు వేసిన పెట్టెలో పోవడానికి దారే లేదు. అక్కడే తిరుగుతూ సీసాన్ని తినడం మొదలుపెడుతుంది, గాలిలోని కార్బన్ డయాక్సైడు, చెమ్మ తోడైతే సీసం తెల్లటి కార్బొనేటు పొడిగా మారిపోతుంది. పూర్వం తెల్లరంగు కోసం సీసపు తెలుపును ఇదే పద్ధతిలో, సీసం రేకులకు వెనిగర్ ఆవిరి పట్టించి, కావాలని తయారుచేసేవారు. అంటే సీలు వేసిన ఆ పెట్టె ఇన్నేళ్లూ తన సామాను మీద తనే అదే పని చేసుకుంది.

ఆ బూడిదతో జాగ్రత్త. సీసం ఒంట్లోకి పోతే విషం. నోటితో ఊదకూడదు, పొడి బ్రష్షుతో దులపకూడదు, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను విడిగా పారేయాలి. చేతులకు గ్లవ్స్ ఉండాలి, పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు. పైపైన పట్టినవాటిని శుభ్రం చేసి, పూర్తిగా ఆరాక పెయింటు వేసి బతికించుకోవచ్చు. లోపలిదాకా తిన్నవి ఇక దక్కవు. నేను మంచిగా ఉన్న తలుపు ఒకదానికి సిలికోన్‌తో అచ్చు తీసి, మిగతావి రెజిన్‌తో, అంటే పోశాక గట్టిపడే ప్లాస్టిక్ ద్రవంతో, పోసుకున్నాను.

పెట్టెలో పాడయ్యేవి ఇంకా ఉన్నాయి. పుల్లల కట్టలకు వేసిన రబ్బరు బ్యాండ్లు మొదట జిగురులా కరిగి, తర్వాత గట్టిపడి చెక్కకు కరుచుకుంటాయి, తీస్తే మచ్చ మిగులుతుంది. షింగిల్ కాగితాలకు వెనక పోస్టల్ స్టాంపుకు ఉన్నట్టే తడిపితే అంటుకునే బంక ఉంటుంది. వేసవిలో చెమ్మకు అది తనంతట తనే అతుక్కుని చుట్టలు ముద్ద కడతాయి. ఇక్కడి అటకలు జులైలో నిప్పులగుండం, జనవరిలో మంచు. బేస్‌మెంట్లు తేమ. ఏటేటా ఈ వేడికీ చలికీ పల్చటి రేకు ఉబ్బి, ముడుచుకుని, మెలి తిరుగుతుంది.

కట్టిన ఇంటికి మాత్రం ఈ కష్టాలు చాలావరకు ఉండవు. గోడ రేకు వెనక చదరపు బద్దెలు అతికించి ఉంటాయి కాబట్టి అది మెలి తిరగదు. నాన్న వర్క్‌షాపులో పిల్లకార్పెంటర్లకు చెప్పే మొదటి పాఠం నాకు ఇక్కడ పనికొచ్చింది. పలకకు ఒక పక్కే తడి తగిలితే వంగుతుంది, రెండు పక్కలా తగలనివ్వాలి అనేవారు. అందుకే గోడ రేకులకు కట్టకముందే రెండు వైపులా రంగు వేస్తాను. నీళ్ల రంగుకు బదులు ఆల్కహాల్‌లో కొన్ని చుక్కలు ఇండియా ఇంకు అనే నల్ల సిరా కలిపి పూస్తే చెక్క ఉబ్బదు, నార కనబడుతూ, వానకు తడిసి ఎండకు ఎండిన పాత పలకలా బూడిదరంగు వస్తుంది. ఆ ఛాయ గోడంతా ఒకేలా ఉండకూడదు. అసలు గోడలో కింది పలకలు నేల తడికి నల్లబడతాయి, చూరు కింద పలకలు లేతగా మిగులుతాయి. ఒక్కో పలకను విడిగా చూసుకుంటూ రంగు వేయడం నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టం. పలకకు పలకకు మధ్య తేడా అరగోరు కూడా ఉండదు, కానీ మొత్తం గోడ నిలబెట్టాక అదే కనబడుతుంది.

కప్పు కూడా అంతే. షింగిల్ చుట్ట పాతదైతే దాని బంకను నమ్ముకోకుండా కొత్తగా తెల్ల జిగురు పల్చగా పూసి, చూరు దగ్గర మొదలుపెట్టి పైకి వరసలు వేసుకుంటూ పోవాలి. కింది వరస అతుకు మీద పై వరస అతుకు పడకూడదు. అలా పడితే అసలు ఇంట్లో ఆ సందులోంచి వాన కారుతుంది, బొమ్మ ఇంట్లో కన్ను అక్కడే ఆగుతుంది. కిటికీలకు పాత షీటు వాడను. పాలిస్టరు షీటు లేదా పల్చటి గాజు పెడతాను.

ఒకప్పుడు కట్టినవాటికి మరమ్మతు వేరే పని. పాత సెల్యులోజ్ జిగురు ఏళ్లకు పసుపెక్కి పెళుసవుతుంది, అతుకులు వాటంతటవే ఊడిపోతాయి. అలాంటప్పుడు లాగకుండా, ఊడిన అతుకు మీది జిగురును బ్లేడు అంచుతో గీకి తీసి కొత్తది పెట్టాలి. నీళ్లతో కడగకూడదు, కాగితపు కప్పు లేచిపోతుంది. దుమ్ముకు మెత్తటి మేకప్ బ్రష్షు చాలు. ఎండ నేరుగా పడితే కాగితపు సైన్‌బోర్డుల మీది ఎరుపు ముందుగా పోతుంది. అద్దాల బీరువాలో పెట్టేవాళ్లకు ఒక మాట. ఓక్ చెక్క బీరువాలు చూడ్డానికి ఎంత బాగున్నా ఆ చెక్క కూడా ఆమ్లపు ఆవిరి వదులుతుంది, సీసం వస్తువులకు పనికిరాదు. గాజు లేదా యాక్రిలిక్ పెట్టెలో, కొంచెం గాలి ఆడేలా పెట్టండి.

కడితే డబ్బు తగ్గుతుంది కదా అంటారు. తగ్గుతుంది. ఎంత బాగా కట్టినా, పేరున్న చెయ్యి కాకపోతే, విప్పని పెట్టె రేటు రాదు. అమ్ముకోవడానికే కొన్నవాళ్లతో నాకు పేచీ లేదు. కానీ ఆ సూచనల కాగితం చదివితే తెలుస్తుంది, ఎక్కడ కత్తి జారుతుందో, ఏ ముక్క ముందు ఆరాలో, ఏ మూలలో కన్ను మోసపోతుందో రాసినవాడు మన పక్కన కూర్చుని చెబుతున్నట్టు ఉంటుంది. అంత శ్రద్ధగా రాసింది ఎవరో ఒకరు చదివి కడతారనే.

కట్టినా అన్నీ నిలవవన్నదీ నిజమే. కాలిఫోర్నియాలో మాంటెరే ఊళ్లో జాన్ అలెన్ ఇంట్లో కట్టిన గోరీ అండ్ డెఫీటెడ్ అనే మోడల్ రైల్‌రోడ్డు ఈ రంగంలో అందరికీ తెలిసిన పేరు. ఆయన 1973 జనవరిలో పోయాడు, కొద్ది రోజులకే నిప్పంటుకుని అందులో చాలాభాగం కాలిపోయింది. అయినా ఆయన ఫొటోగ్రాఫరు కావడం వల్ల ఆ కొండలూ వంతెనలూ ఇంజన్ షెడ్డూ ఇవాళ్టికీ చూడగలుగుతున్నాం. కాబట్టి కట్టేటప్పుడు ప్రతి దశలో ఫొటో తీయండి. సూచనల కాగితాన్ని మడతలు విప్పి స్కాన్ చేయండి. పాత మడతల దగ్గర కాగితం చిరిగిపోయాక గీతల కొలతలు పోతాయి.

ఇండియాలో ఉన్న పాఠకులకు ఈ కిట్లు దొరకడం కష్టం. ఆసక్తి ఉంటే పుణెలో 1998లో తెరిచిన జోషీ గారి మినియేచర్ రైల్వే మ్యూజియం చూడండి, చిన్న రైళ్ల లోకం ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఇక చెక్కపని మాట అంటారా, నిర్మల్, కొండపల్లి వాళ్ల ముందు ఎవరూ చెప్పక్కర్లేదు. తేలికైన పొణికి చెక్కను వాళ్లు కోసే తీరు ఒకసారి దగ్గరగా చూసిన పిల్లలకు ఇక్కడి బాస్‌వుడ్ కొత్తగా అనిపించదు.

ఇంట్లో ఇలాంటి పెట్టె ఉన్నవాళ్లు ఈ వారంలోనే మూత తీసి వాసన చూడండి. పుల్లగా ఉంటే కిటికీ షీటును వెంటనే బయట పారేసి, లోహపు ముక్కలను వేరే పాలిథిన్ కవర్లో పెట్టండి. రబ్బరు బ్యాండ్లు కోసి తీసేయండి. పెట్టెను అటక మీద నుంచీ బేస్‌మెంటు నుంచీ మీరు పడుకునే గదుల అంతస్తుకు తెచ్చుకోండి. మనుషులకు హాయిగా ఉన్న చోట చెక్కకూ హాయిగానే ఉంటుంది.

వ్యాసం రాసినవారికి, మీకు నా విన్నపం ఒక్కటే. వచ్చే ఆదివారం అనుబంధంలో ఆ పేరాను సరిచేసి, పాత చెక్క కిట్ల సీలు తీసి లోపలి కిటికీ షీటును, సీసం ముక్కలను వేరుచేయాలని నాలుగు లైన్లు వేయండి. ఫొటోలు కావాలంటే తెల్లబడ్డ పీపాదీ, కట్టిన మిల్లుదీ రెండూ పంపుతాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
మసాచుసెట్స్