రెండు పువ్వులు, రెండు మార్కులు

సంపాదకులకు నమస్కారం.

మా మనవరాలు విజయనగరంలోనే డిగ్రీ చదువుతోంది. మొన్న స్లిప్ టెస్టులో హెచ్.జి. వెల్స్ నవల ‘ద టైమ్ మెషిన్’ (యంత్రమెక్కి భవిష్యత్తులోకి వెళ్ళొచ్చి, ఆ కథ చెప్పే ప్రయాణికుడి నవల) మీద రెండు మార్కుల ప్రశ్న వచ్చిందట: ‘తెల్ల పువ్వులు దేనికి ప్రతీక?’ గైడులో జవాబు ‘కృతజ్ఞత’. మా గుంట ‘అతను చెప్పింది నిజమనడానికి మిగిలిన సాక్ష్యం’ అని రాసింది. సున్నా.

గైడు అబద్ధం చెప్పలేదు. నవల చివరి వాక్యంలో కృతజ్ఞత మాట ఉంది. కానీ మా గుంట మాటకూ ఆధారం ఉంది. ప్రయాణికుడు జేబులోంచి వాడిన పువ్వులు తీసి బల్లమీద పెడితే, విందుకొచ్చిన డాక్టరు దీపం దగ్గర పట్టి చూసి, ఇవి ఏ జాతివో తెలియడం లేదంటాడు. కథను నమ్మాలా వద్దా అన్నది ఆ పువ్వుల దగ్గరే తేలాలి.

అసలు 1895లో వచ్చిన ఈ నవల నడకే వేరు. క్రీ.శ. 8,02,701లో దిగినవాడు విడివిడి ఇళ్ళు కనబడకపోతే ముందు కమ్యూనిజం అనుకుంటాడు. తర్వాత భూమి కింద బతికే మోర్లాక్‌లను చూసి, పైనున్న ఎలోయ్‌లు దొరల సంతతి, కిందివాళ్ళు కూలీల సంతతి అంటాడు. చివరికి కిందివాళ్ళే పైవాళ్ళను పశువుల్లా మేపి తింటున్నారని తెలిసి హడలిపోతాడు. తన ఊహను తానే దిద్దుకుంటూ పోయాడు. మన గైడులో మాత్రం ‘మోర్లాక్‌లు = కార్మికులు’, అంతే. వెల్స్ తల్లి ఒక పెద్ద బంగళాలో పనివాళ్ళ మీద అజమాయిషీ చేసేది. ఆ బంగళా కింద పనివాళ్ళు తిరగడానికి సొరంగాలుండేవి. నెల్లిమర్ల జూట్ మిల్లు షిఫ్టులు తెలిసిన ఇళ్ళ పిల్లలకు ఈ ఒక్క ముక్క చెప్పి చూడండి.

గురజాడ ఉన్న ఊరండీ ఇది. 1910లో హేలీ తోకచుక్కను చూసి జనం అరిష్టమంటే, ఆయన ‘ముత్యాల సరములు’లో దాన్ని సంఘ సంస్కరణ పతాక అన్నారు. గైడు పెట్టుకుని దిద్దితే ఆయనకూ సున్నాయే.

లెక్చరరు గారిని తప్పుపట్టను, కట్టలకొద్దీ పేపర్లు దిద్దాలి. ప్రశ్నలు తయారుచేసేవారికే నా మనవి. ‘దేనికి ప్రతీక?’ అని అడగండి, పక్కనే ‘ఏ సన్నివేశం చూసి అలా అన్నావు?’ అనీ అడగండి. మార్కులు ఆ రెండోదానికి వేయండి. ఇక గ్రంథాలయ సంస్థ వారికి: ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున మీ పన్ను కడుతున్నాం. ఈ నవల ప్రతులు నాలుగు తెప్పించండి. కాపీరైటు ఎప్పుడో తీరిపోయిన పుస్తకం, పెద్ద ఖర్చు కాదు. ఊళ్ళో గైడు దొరికింది గాని నవల దొరక్క, మా గుంట నా ఫోన్లో చదువుకుంటోంది.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం