జోనీ మిచెల్ 1988 ఆల్బమ్ ఎలా వినాలంటే

ఒరేయ్ మురళీ,

కెనడా గాయని జోనీ మిచెల్ అనగానే నువ్వూ అందరిలాగే ‘బ్లూ’ దగ్గరే ఆగిపోయావన్నమాట. 1971 నాటి ఆ ఆల్బమ్ అలాంటిదిలే, అక్కడ ఆగిపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. కానీ నువ్వడిగింది 1988లో గెఫెన్ కంపెనీ వేసిన ‘చాక్ మార్క్ ఇన్ ఎ రెయిన్ స్టార్మ్’ గురించి. దాని సంగతి ఒక్క ముక్కలో తేలేది కాదు, అందుకే ఇంత పొడుగు ఉత్తరం. కాఫీ పెట్టుకుని కూర్చో.

పేరున్న గాయకులందరినీ పోగేసిన సంతలా ఉందని రాశావు. పేర్లు చూస్తే అలాగే అనిపిస్తుంది మరి: పీటర్ గేబ్రియల్, విల్లీ నెల్సన్, డాన్ హెన్లీ, టామ్ పెట్టీ, బిల్లీ ఐడల్, ప్రిన్స్ బృందంలో వాయించిన వెండీ, లీసా. అప్పట్లో చాలామంది ఆ జాబితా చదివే ఓ నిర్ణయానికొచ్చేశారు. కానీ ఆవిడ వీళ్ళను డ్యూయెట్లకు పిలవలేదురా. నాటకం ట్రూపులో వేషాలు పంచినట్టు పంచింది. ఈ ఒక్క సంగతి చెవిలో పెట్టుకుని విను, సగం ఆల్బమ్ దానంతటదే విచ్చుకుంటుంది.

మొదటి పాట ‘మై సీక్రెట్ ప్లేస్’ చూడు. జోనీ, గేబ్రియల్ వంతులు వేసుకుని పాడటం లేదు. ఒకరు మొదలుపెట్టిన వాక్యాన్ని రెండోవాళ్ళు మధ్యలో అందుకుంటారు. న్యూయార్క్‌లో పుట్టిపెరిగి, ఇప్పుడిప్పుడే కొలరాడోకు అలవాటు పడుతున్నానని చెప్పే మనిషి ఒక్కరే, గొంతులు మాత్రం రెండు. ఎవరు ఆడ, ఎవరు మగ అని వెతికావా, పాట చేజారిపోతుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ అందుకునే చోట్లు గమనించు. ఇంగ్లండులో బాత్ ఊరి దగ్గర ఆష్‌కోంబ్ హౌస్‌లో గేబ్రియల్ స్టూడియో ఉండేది, 1986లో ఆల్బమ్ పని మొదలైంది అక్కడే. గేబ్రియల్ తన సొంత ఆల్బమ్ ‘సో’ అప్పుడే ముగించాడు. జోనీ అప్పటి భర్త, ఈ ఆల్బమ్‌కు ఆవిడతో కలిసి నిర్మాత అయిన లారీ క్లైన్ ఆ ‘సో’లో బేస్ గిటారు వాయించాడు. డ్రమ్స్ మాను కాచే. అదే మాను కాచే ఇక్కడా ఉన్నాడు కాబట్టి రెండు ఆల్బమ్‌ల నడకలోనూ చుట్టరికం వినిపిస్తుంది.

అయినా నువ్వు మొదటి పాటతో మొదలుపెట్టకు. నాలుగోది, ‘ది టీ లీఫ్ ప్రాఫెసీ’ ముందు విను. అది జోనీ తల్లిదండ్రుల కథ. రెండో ప్రపంచ యుద్ధ కాలం, కెనడాలో ఓ ఊరు, పెళ్ళీడు మగవాళ్ళంతా సైన్యంలోకి వెళ్ళిపోయారు. టీ ఆకులు చూసి జోస్యం చెప్పేవాళ్ళు ఆ అమ్మాయితో నెలలో నీకు పెళ్ళవుతుందంటారు. ఈ ఆకులకు పిచ్చెక్కింది, ఊళ్ళో ముసలివాళ్ళూ పసివాళ్ళూ తప్ప ఎవరున్నారని ఆమె నవ్వేస్తుంది. తర్వాత నిజంగానే వైమానిక దళం కుర్రాడొకడు తగులుతాడు. పాటలో ఆమె పేరు మోలీ, అసలు తల్లి పేరు మర్టిల్. పెళ్ళయ్యాక ఆమె వసంతంలో తోట వేస్తుంది, చలికాలంలో అతను మంచు ఎత్తిపోస్తాడు, వెళ్ళిపోతానంటూనే ఆమె ఉండిపోతుంది. ఒక సంసారం మొత్తం అయిదు నిమిషాల లోపే! జోనీ పుట్టింది 1943 నవంబరులో, కాబట్టి పాట ఆగేచోటే ఆవిడ సొంత కథ మొదలవుతుందనుకో. వెనకాల ఆయుధాలు దించమనే పల్లవిలో వెండీ, లీసా గొంతులు కలుస్తాయి. ఆ పల్లవి మోలీది కాదు, ఊరిది అనిపిస్తుంది నాకు.

అక్కడినుంచి నేరుగా ఏడో పాటకు వెళ్ళు, ‘ది బీట్ ఆఫ్ బ్లాక్ వింగ్స్’. యుద్ధం నుంచి తిరిగొచ్చి వణికిపోతున్న కుర్ర సైనికుడు మాట్లాడతాడు. పేరు కిల్లర్ కైల్. తల్లి పాటలో దూరాన వినిపించిన యుద్ధం ఇక్కడ ఒంటిమీదికొచ్చింది. ఈ రెండూ పక్కపక్కన వింటే ఆల్బమ్ దేని గురించో తెలిసిపోతుంది. ఆ తర్వాత ‘కూల్ వాటర్’. ఇది 1936లో బాబ్ నోలన్ రాసిన పాత కౌబాయ్ పాట, ఎడారిలో దాహంతో నడిచే మనిషీ వాడి కంచరగాడిదా. జోనీ మాటలు మార్చి ఇసుకలో విషం పూడ్చారు, ఆ నీళ్ళు తాగొద్దని హెచ్చరిక పెట్టింది. విల్లీ నెల్సన్ గొంతులోని ఎండ ఉంది చూశావూ, ఆ వేషం ఇంకెవరూ వెయ్యలేరు. పాతకాలపు సన్స్ ఆఫ్ ది పయొనీర్స్ బృందం పాడినది ముందు ఒకసారి వింటే మార్పు ఎక్కడుందో ఇట్టే పట్టేస్తావు.

ఇక తిరకాసు పాటలు. ‘డ్యాన్సిన్ క్లౌన్’లో బిల్లీ ఐడల్ ఊరి రౌడీ వేషం, టామ్ పెట్టీ బెదురుగొడ్డు వేషం. ఆలోచన బాగానే ఉంది, పాట మాత్రం అరుపులు ఎక్కువ, సరుకు తక్కువ. మొహమాటపడకుండా దాటెయ్. అమెరికా ఆదివాసి తెగ ఒకదాని పేరు పెట్టుకున్న ‘లకోటా’ మొదట్లో వినిపించే జపం ఐరన్ ఐస్ కోడీది. ఆయన తెరమీద జీవితమంతా అమెరికా ఆదివాసిగా కనిపించాడు, నిజానికి ఇటలీ సంతతివాడని 1996లో పత్రికలో బయటపడింది. ఆ తెగవాళ్ళ నల్లకొండల (బ్లాక్ హిల్స్) భూమి కోసం గొంతెత్తిన పాటకు ఎంత విచిత్రమైన ద్వారపాలకుడో! అయినా పాట నిలబడుతుంది, ఆరు నిమిషాలు దాటినా. ‘స్నేక్స్ అండ్ లాడర్స్’ మన వైకుంఠపాళే, కాకపోతే నిచ్చెనలు డబ్బున్న పెళ్ళికొడుకులవి, పాములు పెళ్ళయ్యాక. డాన్ హెన్లీ ఆ మొగుడి వేషంలో చక్కగా ఇమిడాడు.

ఇంత ఉండి ఎందుకు మరుగున పడింది అంటావా? ఆల్బమ్‌ల చార్టుల్లో అమెరికాలో 45వ స్థానం, బ్రిటన్‌లో 26. ఆడగాయని పాప్ విభాగంలో గ్రామీకి పేరు వెళ్ళింది, గెలిచింది ట్రేసీ చాప్‌మన్, గిటారు పాట ‘ఫాస్ట్ కార్’కు. అక్కడే ఉంది కిటుకు. ఒక్క గిటారుతో పాడే పద్ధతికి తొలి దారులు వేసినవాళ్ళలో ఒకరైన జోనీ పొరలు పొరలుగా గొంతులు, కీబోర్డులు పేరుస్తున్న ఏడాదే జనం మళ్ళీ ఒక్క గిటారు వైపు తిరిగారు. అంతకుముందు 1985లో సింథసైజర్ కళాకారుడు థామస్ డోల్బీతో చేసిన ‘డాగ్ ఈట్ డాగ్’ సింథసైజర్లు పాత అభిమానులకు మింగుడుపడలేదు, కాబట్టి దీన్ని చాలామంది తెరవనేలేదు. పైగా సిగరెట్ల వల్ల గొంతు బాగా కిందికి దిగింది. ‘బ్లూ’ నాటి తారస్థాయి కోసం వెతికేవాడికి ఇది వేరే మనిషిలా తోస్తుంది. నాకైతే ఈ సైనికుల కథలకు ఈ గొంతే సరిపోయిందనిపిస్తుంది.

ఫోన్ స్పీకర్లో మాత్రం వినకు. అందులో క్లైన్ బేస్ పూర్తిగా మాయమై డ్రమ్ము దెబ్బలొక్కటే చెవుల్లో గుచ్చుకుంటాయి, ఎనభైల ఆల్బమ్‌లన్నీ డబ్బా మోతలని పేరు పడింది సగం ఇందువల్లే. ఆ కాలపు సీడీలు ఇప్పటివాటికంటే తక్కువ శబ్దంతో పలుకుతాయి కాబట్టి ముందు వాల్యూమ్ పెంచు, బేస్ బూస్ట్ జోలికి పోకు. ఇంకా గరగరగా ఉంటే ఈక్వలైజర్లో 4 కిలోహెర్ట్జ్ దగ్గర 2 డెసిబెల్స్ తగ్గించు, చాలు. అంతకంటే తగ్గిస్తే మాటల అంచులు మొద్దుబారతాయి. 2003లో ‘ది కంప్లీట్ గెఫెన్ రికార్డింగ్స్’ అని నాలుగు సీడీల పెట్టె వచ్చింది, అందులోది రీమాస్టర్ చేసిన ప్రతి.

ఎల్పీ, అంటే పెద్ద వినైల్ రికార్డు, కొంటే ఒక్కో వైపు అయిదు పాటలు, 22 నుంచి 24 నిమిషాలు. చివరి పాట లోపలి గాళ్ళలో పడుతుంది. తిరిగే వేగం మారదు, చుట్టు మాత్రం చిన్నది, అంటే ఒక సెకనుకు దక్కే గాడి పొడవు తక్కువ. పై స్వరాలు అక్కడే చిట్లుతాయి. మొదటి వైపు చివర గోల చేసే ‘డ్యాన్సిన్ క్లౌన్’ పడింది, పాపం అది రెండు విధాలా నష్టపోయింది. రెండో వైపు చివర ‘ఎ బర్డ్ దట్ విజిల్స్’, గిటారూ వేన్ షార్టర్ శాక్సోఫోనూ మాత్రమే ముందుకొచ్చే పాట, కాబట్టి పెద్దగా దెబ్బతినదు. షార్టర్ పిట్టలా కూసే చోట్లు వదలకు.

కేసెట్టయితే కొనేముందు కింది అంచున మధ్యలో రేకు మీద చిన్న ఫెల్టు ముక్క ఉందో లేదో చూడు. అది ఊడితే టేపు దాన్ని చదివే ప్లేయరు హెడ్‌కు ఆనదు, శబ్దం వస్తూ పోతూ ఉంటుంది. అయిదు స్క్రూల డబ్బా అయితే విప్పి వేరే డబ్బాలోకి మార్చుకోవచ్చు, అతికించినదైతే పగలగొట్టాల్సిందే. ప్లే నొక్కేముందు ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్ళీ వెనక్కి తిప్పు, బిగుసుకున్న చుట్లు వదులవుతాయి, లేకపోతే ప్లేయరు నమిలేస్తుంది. హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడువు, రబ్బరు చక్రానికి మాత్రం తడిగుడ్డే మేలు, ఆల్కహాల్‌కు రబ్బరు ఎండిపోతుంది. లేబుల్ మీద డోల్బీ గుర్తుంటే (ఇది టేపు రొద తగ్గించే పద్ధతి, పైన చెప్పిన థామస్ డోల్బీ కాదు) ప్లేయరు మీద ఆ మీట వెయ్యి. వేశాక మరీ మూగగా ఉంటే హెడ్ వంకర పోయిందని అర్థం, అది సరిచేయించేదాకా డోల్బీ ఆపి విను.

విన్నాక ‘ది రీఅకరింగ్ డ్రీమ్’ నచ్చిందో లేదో రాయి. టీవీ ప్రకటనల ముక్కలు ఏరి కుట్టిన పాట అది, నచ్చకపోయినా నిన్నేమీ అనను.

నీ
శ్రీధర్