మా అమ్మ ఇంటి మీద రేకులు కప్పిన పిల్లలకు

ఒంగోలు నుంచి వచ్చి మా ఊళ్లో ఆరు రోజులు ఉండి వెళ్లిన చర్చి యూత్ పిల్లలందరికీ, మిమ్మల్ని పంపిన మీ అమ్మానాన్నలకూ, మీ సంఘపెద్దలకూ వందనాలు.

ఆదివారం మీరు బస్సెక్కేటప్పుడు నాకు మాట రాలేదు. అమ్మ ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుంటే పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయాను. అందుకే నలుగురూ చదివే చోట రాస్తున్నాను. పేర్లు రాయొద్దని మీరే అన్నారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు.

మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న చిన్న ఊరు. మిగ్‌జాం తుఫాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందు మా తీరం పక్కనుంచే పైకి పోయింది. అమ్మ తుఫాను షెల్టరులో, నేను నెల్లూరులో. ఒక రాత్రీ ఒక పగలూ ఫోను కలవలేదు. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఊళ్లో ఒంటరిగా తల్లి ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నీళ్లు తీశాక ఊరికి పోతే, అమ్మ ఇంటిమీద పద్నాలుగు సిమెంటు రేకులకు ఐదే మిగిలి ఉన్నాయి. మందిరానికి పడమటి సగం ఆకాశం కనిపిస్తోంది. డోలు, హార్మోనియం, బైబిళ్లు అన్నీ నానిపోయాయి.

కొందామంటే రేకులు దొరికాయి, కప్పే మనిషి దొరకలేదు. మేస్త్రీలందరికీ ఒకేసారి పది ఊళ్ల పని వచ్చిపడింది. నష్టం రాసుకోవడానికి అధికారులు వచ్చిన రోజు అమ్మ ఇంకా షెల్టరులోనే ఉంది. ఇంటికి తాళం ఉండటంతో మా ఇల్లు జాబితాలోకి ఎక్కలేదు. నాతో నెల్లూరు రమ్మంటే అమ్మ రాలేదు. కోళ్లను ఎవరు చూస్తారంది. టార్పాలిన్ పట్ట కట్టుకుని దాని కిందే ఉంది.

మీరు 11వ తేదీ రాత్రి వచ్చారు. ఇరవై రెండు మంది. ఎక్కువమంది కాలేజీ పిల్లలు, ముగ్గురు మాత్రం ఉద్యోగాలకు సెలవు పెట్టి వచ్చినవాళ్లు. మందిరం కప్పు వేయడానికని చందాలు పోగుచేసుకుని, రేకులు ఆటోట్రాలీలో వేసుకుని వచ్చారు. ఆ రాత్రి షెల్టరులో కూర్చున్నప్పుడు మీలో ఒకమ్మాయి మా పాస్టరుగారిని అడిగింది, "ముందు ఏది చేయమంటారు అయ్యగారూ?" అని. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మందిరం లేకపోయినా వేపచెట్టు కింద ఆరాధన చేసుకుంటాం నాయనా. చంటిబిడ్డలున్న ఇళ్లు చూడండి ముందు" అన్నారు. మీరు అప్పటికప్పుడు మీ సంఘపెద్దలకు ఫోను చేసి, మందిరం కోసం ఇచ్చిన డబ్బు ఇళ్లకు వాడొచ్చా అని అడిగారు. ఒక పెద్దాయన ఫోనులో ఏడ్చారని తర్వాత తెలిసింది. తెల్లారేసరికి రేకులు ఏడు ఇళ్లకు పంపకమయ్యాయి. అందులో అమ్మ ఇల్లొకటి.

నాకు బాగా గుర్తుండిపోయింది మీరు ఇలా అడగడమే. అంతకు రెండేళ్ల ముందు, 2021 నవంబరులో పెన్నా వరదలప్పుడు కూడా మా పక్కకు సాయం వచ్చింది. ఎవరినీ తప్పు పట్టను, ఆ దుప్పట్లు మేం కప్పుకున్నాం. అయితే ఏం కావాలని ఎవరూ అడగలేదు. పొయ్యి నీళ్లలో ఉన్న ఇంటికి బియ్యం వచ్చాయి, అగ్గిపెట్టె రాలేదు.

మీరు మా మేస్త్రి తాతనూ అలాగే అడిగారు. డెబ్బై ఏళ్లు ఆయనకు, మోకాళ్లు పోయాయి, ఏళ్లుగా నిచ్చెన ఎక్కలేదు. మీరు కుర్చీ తెచ్చి వాకిట్లో వేసి, "తాతా, మీరు చెప్పండి, మేం చేస్తాం" అన్నారు. ఆ ఆరు రోజులూ ఆయన గొంతు ఊరంతా వినిపించింది. "మేకు కొడితే రేకు పగులుద్ది నాయనా, డ్రిల్లుతో బెజ్జం వెయ్యండి. ఎత్తు మీద వెయ్యాల, పల్లంలో వేస్తే నీళ్లు దిగతయ్యి." పాత హుక్కు ఒకటి తీసి చేతిలో పెట్టి చూపించాడు. సముద్రపు గాలికి తుప్పు పట్టి, వేళ్ల మధ్య నలిపితే పొడి రాలింది. ఆయన చెప్పిందేమిటంటే, గాలి రేకును పైనుంచి నొక్కదు, చూరు కింద దూరి పైకి లేపుతుంది. అందుకే చూరు పొడవునా, అంచుల వెంబడీ హుక్కులు దగ్గర దగ్గరగా వేయించాడు. జింకు పూత వేసిన జి.ఐ. హుక్కు, దాని మీద తారు వాషరు, ఆ పైన నట్టు, అదీ వరస. నట్టు మరీ బిగిస్తే రేకు చిట్లుతుందనీ, వాషరు కొంచెం నొక్కుకున్నాక ఆపాలనీ ఒక్కొక్కరి చేత చేయించి చూశాడు. రేకు కోసేటప్పుడు నీళ్లు చల్లించాడు, ముక్కుకు గుడ్డ కట్టుకోందే ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. రేకు మీద రేకు ఎక్కించేటప్పుడు అతుకు గాలి వచ్చే వైపుకు నోరు తెరవకూడదట. ఇన్నేళ్లు ఆ రేకుల కింద బతికిన అమ్మకూ ఈ సంగతి తెలియదు.

మొదటిరోజే ఒకబ్బాయి బల్ల వేసుకోకుండా రేకు మీద అడుగుపెట్టాడు. రేకు పెళ్లున విరిగింది, కాలు లోపలికి దిగింది, దూలం పట్టుకుని ఆగాడు. కిందికి దిగాక వణుకుతూ, "అమ్మా, రేకు పోగొట్టాను, నా డబ్బుతో తెస్తాను" అన్నాడు. అమ్మ వాడి కాలు కడిగి పసుపు పెట్టి, "రేకు పోతే పోయింది, నువ్వు కిందపడలా, అదే పదివేలు" అంది. మర్నాటి నుంచి పైకి ఎవరెక్కినా ముందు బల్ల ఎక్కిందీ లేనిదీ చూసే పని ఆ అబ్బాయే పెట్టుకున్నాడు.

ఇంకో విషయం రాయకుండా ఉండలేను. మా ఇంట్లో దీపం గూటి పక్కన గోడమీద నాన్న నీలిరంగుతో రాసుకున్న లెక్క ఉంది. 1996లో పూరిల్లు తీసేసి రేకులిల్లు వేసినప్పటిది. రేకులు 14, హుక్కులు, సరుగుడు గుంజలు, కూలి, కింద మొత్తం. నాన్న పోయి పదకొండేళ్లయింది. వానకు ఆ గోడ పెచ్చులూడింది, లెక్కలో సగం మాత్రం నిలిచింది. సున్నం వేయడానికి వచ్చిన అమ్మాయి బ్రష్షు ఎత్తి, ఆగి, "అమ్మా, ఇది ఉంచాలా?" అని అడిగింది. అమ్మకు చదువు రాదు. "మీ తాత రాసిందమ్మా, ఏం రాశాడో చదువు" అంది. ఆ అమ్మాయి చదువుతుంటే అమ్మ మొదటిసారి వింది. అన్నేళ్లూ అది అప్పుల లెక్కేమో అనుకుంటూ ఉందట. నేనెందుకు ఒక్కసారైనా చదివి వినిపించలేదో నాకే తెలియదు. ఆ జానెడు గోడ వదిలి చుట్టూ సున్నం వేశారు. తర్వాత అమ్మ దాని కిందే ఈసారి లెక్క కూడా రాయమంది. రేకులు 9, హుక్కులు, వాషర్లు అన్నీ రాసి, కూలి దగ్గర ఆ అమ్మాయి ఆగిపోయింది. "ఇరవై రెండు మంది పిల్లలని రాయి" అంది అమ్మ.

మూడో రోజు మీరు, "మందిరానికి రానివాళ్ల ఇళ్లు ఏవైనా ఉన్నాయా?" అని అడిగారు. కాలువ కట్ట మీద యానాదుల గుడిసెలు నాలుగు పూర్తిగా పడిపోయి ఉన్నాయి. సరుగుడు గుంజలు పాతి, తాటాకు కప్పి నాలుగూ లేపారు. తాటాకు కట్టడం మీకు రాదు, వాళ్లే నేర్పారు. అక్కడ మీరు ఒక్క ప్రసంగం చేయలేదు, ఒక్క కాగితం పంచలేదు. అది చూసి మా అవ్వ చెప్పిన మాట గుర్తొచ్చింది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత మేర కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించారు. ఆ కరువు పనులు జరిగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు, కూటికోసం కలిశారన్న మాట రాకూడదని. ఆ తర్వాతే, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మీరు గుడిసెలు లేపింది ఆ బకింగ్‌హామ్ కాలువ కట్ట మీదే. మీలో సగంమందికి ఈ సంగతి తెలియదని ఆ సాయంత్రం మాట్లాడుకుంటుంటే తెలిసింది. తెలియకుండానే అలా చేశారంటే, మీ ఇళ్లలో మిమ్మల్ని బాగా పెంచారు.

శుక్రవారానికి మందిరానికి రేకులు చాలవని తేలింది. అప్పుడు మీ స్త్రీల సమాజం వాళ్లు డబ్బు పంపారు. వండేటప్పుడల్లా పిడికెడు బియ్యం తీసిపెట్టి, అవి అమ్మి పోగేసిన డబ్బట అది. ఆ అమ్మలకు, అక్కలకు మా సంఘం తరఫున ప్రత్యేకంగా వందనాలు. శనివారం రాత్రి పదకొండుకు, బ్యాటరీ లైట్ల వెలుగులో, చివరి రేకు ఎక్కింది. మర్నాడు ఆ కప్పు కింద ఆరాధన జరిగింది. సున్నం తడి ఇంకా ఆరలేదు, అందరి వీపులకూ అంటింది.

మా వాళ్లకు కూడా కృతజ్ఞతలు చెప్పాలి. ట్రాక్టరు బాడుగ లేకుండా తోలిన రెడ్డిగారికి, వంటకు గుండిగలూ గరిటెలూ ఇచ్చి, తోమకుండా తెచ్చివ్వండి చాలన్న రామాలయం కమిటీ వాళ్లకు, హుక్కులు అప్పుగా ఇచ్చిన కోవూరు షాపు ఆయనకు, ఇరవై రెండు మందికి రోజూ చేపల పులుసు పెట్టిన మా వీధి ఆడవాళ్లకు.

పిల్లలూ, మీరు మరిచిపోయినవి కొన్ని మా దగ్గర ఉన్నాయి. ఒక నీలం స్వెట్టరు, రెండు తాపీలు, స్టీలు టిఫిన్ క్యారేజీ మూత, ఒక ఎడమకాలి చెప్పు. స్వెట్టరు అమ్మ ఉతికి మడతపెట్టింది. ఎవరివో చెప్పండి, ఒంగోలు బస్సులో ఇచ్చి పంపిస్తాను. మిగిలిన హుక్కులు మాత్రం మేస్త్రి తాత ఇవ్వనంటున్నాడు. గ్రీజు రాసి డబ్బాలో పెట్టి మందిరంలో దాచాడు.