బెరే పారిస్‌ది కాదు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో ఫ్రెంచి ఫ్యాషన్ వ్యాసం చదివాను. బెరే అనే గుండ్రటి, బల్లపరుపు ఉన్ని టోపీని ‘పారిస్ కళాకారుల టోపీ’ అని తేల్చేశారు. చదువుకోసం నైరుతి ఫ్రాన్స్‌లోని పో పట్టణంలో రెండేళ్లు ఉన్నవాడిని (ఊరి పేరే అది, ఎవరినీ పొమ్మనడం లేదు), ఆ మాట నాకు మింగుడుపడలేదు.

బెరే పుట్టిల్లు ఆ పో చుట్టుపక్కలే, పిరెనీస్ కొండల దగ్గరి బెయార్న్ ప్రాంతం. గొర్రెల కాపరుల టోపీ అది. పక్కనున్న బాస్క్ ప్రాంతం పేరుతో ‘బాస్క్ బెరే’ అనడమూ పొరపాటున అంటుకున్నదే. 1840లో మొదలైన లోలేర్ కంపెనీ ఇప్పటికీ బెయార్న్‌లోని ఒలొరోన్ సెయింట్ మారీ ఊళ్లో వీటిని చేస్తోంది. మెరీనో ఉన్నితో తలకన్నా బాగా పెద్దగా అల్లి, వేడి నీళ్లూ సబ్బూ పోసి బాదుతారు. ఉన్ని ముడుచుకుని చిక్కబడుతుంది. వాన ఒక పట్టాన లోపలికి దిగదు. 1889లో ఫ్రెంచి పర్వత దళాలు దాన్ని నెత్తికెత్తుకున్నాయంటే ఊరికే కాదు.

మా ఇంటి ఓనరు పెద్దాయన జోరువానలో వచ్చి, గుమ్మంలో బెరే తీసి రెండుసార్లు దులిపేవాడు. లోపల తెల్లజుట్టు పొడిగానే ఉండేది. తర్వాత దాన్ని బోర్లించిన సూప్ గిన్నె మీద ఆరబెట్టేవాడు. నేను తెలివిగా నాది గదిని వెచ్చబరిచే రేడియేటర్ మీద పెట్టాను. మర్నాటికి చంటిపిల్లాడి టోపీ అయింది.

మీ ఫొటోలోని మోడల్ బెరే నడినెత్తిన తొడిమ కూడా లేదు. అల్లిక ముగిసే చోట ఉంటుందది, దాన్ని కబియూ అంటారు. సవరణ వేసేటప్పుడు ఫొటో కూడా మార్చండి.

— ఒక పాత చందాదారు