పత్తి ఊరి నుంచి అక్రిలిక్ పట్టుకెళ్లాం: మన అల్లికల సంఘం 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సమావేశాల లెక్క ఈసారి రెండు ముక్కల్లో ముగిస్తాను. నెలకు రెండు ఆదివారాలు హనుమకొండలో కలిశాం, ఎండలు ముదిరిన మేలో ఒక్కసారే. కొత్తగా ఐదుగురు చేరారు. సద్దుల బతుకమ్మ ముందటి ఆదివారం ఎవరూ రారని తెలిసి కూడా సమావేశం పెట్టడం కార్యదర్శిగా నా పొరపాటే. తాళంచెవి తెచ్చిన అక్క, నేను, ఇద్దరమే టీ తాగి ఇళ్లకు పోయాం.

అసలు చెప్పాల్సింది జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన అల్లికల మేళా గురించి. 11 మందిమి తెల్లారకముందే కాజీపేటలో రైలెక్కాం. చేతులు ఊరుకోవు కదా, జనగామ దాటేసరికి అందరి ఒళ్లోనూ ఊలు ఉండలే. పక్క సీటు పెద్దమ్మ ఒకామె చాలాసేపు చూసి, "సీదా రెండు, ఉల్టా రెండేనా బిడ్డా?" అని అడిగింది. సూదులు ఆమె చేతికిస్తే ఆలేరు వచ్చేదాకా వదల్లేదు. మా అందరికంటే కుట్టు బిగువుగా ఉంది.

మేళాలో పూర్తి టేబుల్‌కు డబ్బు కడితే సగం టేబుల్ ఇచ్చారు. వాదించాం, లాభం లేకపోయింది. స్వెటర్లు కింద సంచుల్లోనే ఉంచి, పసిపిల్లల టోపీలు, గళ్ల అల్లికలో వేసిన కాకతీయ తోరణం, క్రోషే బతుకమ్మ మాత్రం పైన పెట్టాం. బతుకమ్మ చుట్టూ జనం మూగారు. అడుగున పచ్చటి తంగేడు, దాని మీద బంతి, పైన గునుగు. గునుగు పువ్వుకు ఉండే ఆ కుచ్చు రావాలంటే మామూలు కుట్టు పనికిరాదు. వేలికి దారం చుట్టి ఒక్కో ఉచ్చు లాగి వదలాలి. ఒక్క పువ్వుకు గంటన్నర పట్టింది. ధర 600 రాశాం. చూసినవాళ్లంతా ఫొటో తీసుకున్నారు, కొన్నవాళ్లు లేరు.

మన ఎదురు టేబుల్ నరసాపురం లేసు వాళ్లది. 1844 ప్రాంతంలో స్కాట్లాండ్ మిషనరీ దంపతులు అక్కడి ఆడవాళ్లకు నేర్పిన పని అది. 2024లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది, అంటే ఆ ఊరి పనికి దక్కే భౌగోళిక గుర్తింపు. వాళ్ల దగ్గర పని పంచుకునే తీరు చూడాలి. పువ్వులు అల్లేవాళ్లు వేరు, వాటిని ఒకదానికొకటి కలిపే అతుకుపని చేసేవాళ్లు వేరు. మనలో ఒక్కరే బతుకమ్మ మొత్తం మొదలుపెట్టి మూడు నెలలు లాగుతారు. మధ్యాహ్నం జనం పల్చబడ్డాక వాళ్లలో ఒకామె మన దగ్గరికొచ్చి, టోపీ ఒకటి రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది.

"ఏవండీ, వరంగల్ అంటే పత్తి కదండీ. ఈ అక్రిలిక్ ఏంటండీ?"

ఎగతాళి చేయలేదు, నిజంగానే అడిగింది. మా దగ్గర జవాబు లేదు. ఊలు ఊలు అంటాం గానీ అందులో గొర్రె బొచ్చు పోగు ఒక్కటీ ఉండదు. అదంతా పెట్రోలియం నుంచి తీసిన దారమే. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తి బండ్లను ఏటా చూస్తాం. 1934లో పెట్టిన ఆజంజాహీ బట్టల మిల్లులో పనిచేసిన తాతలు మనలో నలుగురికి ఉన్నారు. అయినా షాపులో దొరికిందే కొంటూ వచ్చాం. పోయిన ఏడాది కాన్పుల ఆసుపత్రికి టోపీలు ఇచ్చినప్పుడు నర్సమ్మ "ఎండాకాలం ఇవి వద్దమ్మా, పిల్లలకు చెమట పడుతది" అన్నది. అప్పుడూ మనకు తట్టలేదు.

తిరిగొచ్చాక ఏడాదిలో మిగిలిన రెండు నెలలూ నూలు మీదే గడిచాయి. ముగ్గురం కొత్తవాడ వెళ్లి దరీలు, అంటే నేల మీద పరిచే నూలు తివాచీలు, నేసే ఒక పెద్దాయన్ను అడిగాం. వరంగల్ దరీలకు 2018లో జీఐ ట్యాగ్ వచ్చింది, మనకు ఇంత దగ్గర్లో ఉండి ఎన్నడూ లోపలికి పోయి చూడలేదు. ఆయన 10వ నంబరు నూలు ఇచ్చారు. నంబరు లెక్క కూడా చెప్పారు: ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తే అది అన్నో నంబరు. నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నం.

ఇంటికి తెచ్చి ఒంటి పోగుతో అల్లబోతే సాలెగూడులా వచ్చింది. రెండు మూడు పోగులు కలిపితే పురి విడిపోయి, సూది కొక్కెం పోగుల మధ్యలో దిగి చిరాకు పెట్టింది. చివరికి 8 పోగులు కలిపి, ఆయన ఇంట్లోని రాట్నం మీదే పురి పెట్టించాం. అప్పుడు 4 మిల్లీమీటర్ల సూదికి సరిగ్గా కుదిరింది. పత్తి సాగదు కాబట్టి కుట్టు కాస్త వదులుగా వేయాలి, లేకపోతే మణికట్టు పట్టేస్తుంది. నా కుడిచేయి వారం రోజులు పట్టేసింది.

రంగు దగ్గర ఇంకో దెబ్బ తగిలింది. ఎర్ర నూలు, తెల్ల నూలు కలిపి అల్లిన మొదటి టేబుల్ క్లాత్‌ను ఉతికితే మొత్తం గులాబీ రంగు అయింది. ఉప్పు నీళ్లలో నానబెడితే నిలుస్తుందని ఒక సభ్యురాలు గట్టిగా చెప్పింది. నానబెట్టాం, నిలవలేదు. ఇప్పుడు ముదురు రంగు నూలును అల్లకముందే నీళ్లు తేటపడేదాకా ఉతుకుతున్నాం. ఆ గులాబీ గుడ్డ మా ఇంట్లో టీవీ మీద ఉంది, చూడాలనుకునేవాళ్లు రావచ్చు.

మార్చిలో 30 నూలు టోపీలు అదే ఆసుపత్రికి ఇచ్చాం. నర్సమ్మ ఒకటి చెంపకు ఆనించుకుని చూసి, ఏమీ అనకుండా లోపలికి తీసుకుపోయింది.

జమాఖర్చులు క్లుప్తంగా: మేళా టేబుల్‌కు 3,000, రైలు, ఆటోలకు కలిపి 4,150 ఖర్చు. అమ్మకం 5,200. అంటే 1,950 నష్టం, సంఘం నిధి నుంచి పూడ్చాం. పెట్టిన గంటలు లెక్కేస్తే ఇంకా ఎక్కువే పోయింది. అందుకే ఇకమీదట ప్రతి వస్తువు చీటీ మీద ధరతో పాటు పట్టిన గంటలు కూడా రాయాలని కమిటీ అనుకుంటోంది. కొందరికి ఇష్టం లేదు, గంటలు చూపిస్తే బేరం ఇంకా పెరుగుతుందని వాళ్ల వాదన. సర్వసభ్య సమావేశంలో తేల్చుకుందాం.

వచ్చే బతుకమ్మను నరసాపురం వాళ్లలా పంచుకుని అల్లాలన్నది నా ప్రతిపాదన. తంగేడు ఇద్దరు, బంతి ఇద్దరు, గునుగు ఓపికున్నవాళ్లు. అతుకుపనికి మాత్రం ఒక్కరే ఉండాలి, లేకపోతే బిగువు తేడా వస్తుంది.

పురి పెట్టిన తెల్ల నూలు ఇంకా 4 కిలోలు ఉంది. కావలసినవాళ్లు సమావేశానికి వచ్చేటప్పుడు సంచి తెచ్చుకోండి. చిలపలుగానే ఇస్తాం, ఉండలు ఎవరికి వాళ్లే చుట్టుకోవాలి.

ఇట్లు,
కార్యదర్శి